సూర్యరశ్మియు శబ్దవర్ధకమును

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము వద్ద తీరమును దాటెను. గాలి వేగము గంటకు సుమారు 180 కిలోమీటర్లు. ఆనాడు మా కాపురము మధురవాడలో. ఒక ప్రక్క కంబాలకొండ అడవి, వేరొక ప్రక్క ఋషికొండ సముద్రము, నడుమ జాతీయ రహదారి. సాయంకాలమునకు చెట్లును కరెంటు స్తంభములును నేల గూలెను. దీపములు ఆరెను. టెలిఫోనులు మూగవోయెను. ఊరు ఏమైనదో, మరల గాలి లేచునో లేదో చెప్పగలిగినది ఒక్క రేడియో మాత్రమే.

మా యింట ఒక ఇన్వర్టరు, దానికొక బ్యాటరీ ఉండెను. సంగీతము వినుటకై మోజుపడి కొన్న పెద్ద ఆంప్లిఫయరును, దాని రెండు లౌడుస్పీకర్లును ఉండెను. వీధివారికందరికిని వార్తలు వినిపింపవలెనని తలచి, గాలి తగ్గిన పిమ్మట రేడియోను ఆ ఆంప్లిఫయరునకు తగిలించి వాకిట పెట్టితిమి. ఇరుగుపొరుగువారు పదిమంది చేరిరి. ఏ హెచ్చరిక ఎప్పుడు వచ్చునో యని, వార్తకును వార్తకును నడుమ కూడ దానిని ఆర్పలేదు. ఉదయము నుండి దీపములకు, ఫ్యానుకు వాడి అప్పటికే సగమైన బ్యాటరీ అర్ధరాత్రి దాటకుండగనే చేతులెత్తివేసెను. ఎదురింటి మామ్మగారి యొద్ద రెండు పెన్సిలు సెల్లుల బుల్లి ట్రాన్సిస్టరు కలదు. మరునాటి ఉదయము ఆమె దానిని కొంగున పట్టుకొని వచ్చి, “నాయనా, మీ ఏనుగు పడుకుంది గాని, మా చీమ ఇంకా నడుస్తోంది” అని నవ్వినది. విద్యుత్తు తిరిగి వచ్చువరకును మా వీధికి ఆ చీమయే వార్తలు మోసినది.

ఆ నవ్వు మమ్ము చాలకాలము ఆలోచింపజేసినది. ఆ రాత్రి మా ఆంప్లిఫయరు గర్జించినది లేదు; పదిమందికి వినబడునంత మెల్లగనే పలికినది. అయినను బ్యాటరీని త్రాగివేసినది. ఆ విద్యుత్తంతయు ఎచ్చటికి పోయినది? ఈ ప్రశ్నకు సమాధానము శతాబ్దికి మించిన శబ్దవర్ధకముల చరిత్రలో దొరకును. నేడు ఇంటి కప్పుపై సౌరఫలకము పెట్టుకొని, బ్యాటరీ మీద రేడియోయో పాటయో వినదలచినవారికి ఆ చరిత్ర వట్టి కాలక్షేపము గాదు, ఇంటి లెక్క.

మొదటి అధ్యాయమున విద్యుత్తు ఖర్చే లేదు. మన దేశమువాడైన జగదీశ చంద్ర బోసు గెలీనా అను సీసపు ఖనిజముతో రేడియో తరంగములను పసిగట్టు సాధనమునకు 1901లో పేటెంటు కోరగా, 1904లో అది లభించెను. తరువాత వచ్చిన స్ఫటికపు రేడియోలకు బ్యాటరీ అక్కరలేదు. దూరమునున్న ప్రసార కేంద్రము ఆకాశమున చల్లిన శక్తిలో ఏరియలుకు చిక్కిన ఏ కొద్దిపాటి అంశయో చెవికి తగిలించుకొన్న ఫోనును పలికించెడిది. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924లో ప్రసారములు ఆరంభించిన కాలమున ఇట్టి సెట్లు ప్రపంచమంతట వాడుకలో నుండెను. దీనివలన తెలియునది యేమనగా, మనుష్యుని చెవికి కావలసిన శక్తి అత్యల్పము. ఒక వాట్టులో వేయవ వంతుకు తక్కువైనను చెవి మాటను గ్రహింపగలదు.

అయితే చెవిఫోనుతో వినగలవాడు ఒక్కడే. ఇంటిల్లిపాదికి వినిపించుటకు లౌడుస్పీకరు కావలసి వచ్చెను. లీ డిఫారెస్టు 1906లో కనిపెట్టిన మూడు ఎలక్ట్రోడుల వాల్వు శబ్దమును పెంచు దారి చూపెను. 1925లో రైస్, కెలాగ్ అను ఇరువురు అమెరికను ఇంజనీర్లు నేటికిని మన ఇండ్లలోనున్న కాగితపు శంఖువు లౌడుస్పీకరునకు రూపము నిచ్చిరి. విద్యుత్తు ఖర్చు ఇచ్చటనే మొదలైనది. వాల్వు పనిచేయవలెనన్న దానిలోని తీగ ఎర్రగా కాలుచుండవలెను. పాట ఉన్నను లేకున్నను ఆ వేడికి వెల చెల్లింపక తప్పదు.

కరెంటు లేని పల్లెలకు బ్యాటరీతో నడచు వాల్వు సెట్లు వచ్చెను. వాటి వాల్వులలో తీగకు 1.4 వోల్టులు చాలును. కాని మిగిలిన పనికి 90 వోల్టుల పెద్ద బ్యాటరీ వేరుగా కావలెను. ఇంత ఆర్భాటము చేసి లౌడుస్పీకరునకు అవి అందించిన శక్తి సుమారు పావు వాట్టు. పాఠకులు ఈ అంకెను మనస్సున ఉంచుకొనవలెను. మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను, విశాఖపట్టణ కేంద్రము 1963లోను ఆరంభమైనవి. ఆ నడిమి దశాబ్దములలో పంచాయతీ రచ్చల యొద్ద ఊరంతయు చేరి వార్తలు, వ్యవసాయ ప్రసంగములు, హరికథలు విన్న సెట్లలో అనేకము ఇట్టివే. పావు వాట్టుతో ఊరు విన్నది. నేడు వంద వాట్లున్నను నడిమింటికి చాలవేమో యని మనము సందేహించుచున్నాము!

పావు వాట్టు ఊరికి సరిపడుటలో లౌడుస్పీకరు పాలు కూడ గణింపదగినది. ఆ కాలపు స్పీకర్లు తేలికైన పెద్ద కాగితపు శంఖువులు గలవి. కొద్దిశక్తికే పెద్దగా పలుకును. స్పీకరు సామర్థ్యమును కొలుచుటకు ఒక పద్ధతి గలదు. ఒక వాట్టు ఇచ్చినపుడు ఒక మీటరు దూరమున ఎన్ని డెసిబెల్లుల శబ్దము పుట్టునో చూతురు. మూడు డెసిబెల్లులు పెరిగినచో శక్తి రెట్టింపైనట్లు. పది పెరిగినచో పదింతలైనట్లు. 84 డెసిబెల్లుల స్పీకరు చేయు పనిని 93 డెసిబెల్లుల స్పీకరు ఎనిమిదవ వంతు విద్యుత్తుతోనే చేయును. అందమునకై స్పీకరు పెట్టెను చిన్నది చేసిన కొలది ఈ గుణము తగ్గుచు వచ్చినది. ఆ లోటును పూడ్చుటకు ఆంప్లిఫయరు వాట్లను పెంచుచు వచ్చిరి. కరెంటు తీగె ఉన్నంతకాలము ఈ బేరములోని నష్టము ఎవరికిని కనబడలేదు.

ఇంతలో కథ మలుపు తిరిగినది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ అనువారు ట్రాన్సిస్టరును కనుగొనిరి. అదే నెల 23వ తేదీన తమ పై అధికారులకు దానిని చూపునప్పుడు వారు దానిచే చేయించినది మాటను పెద్దది చేయు పనియే. అనగా ట్రాన్సిస్టరు తొలిసారి పెద్దల యెదుట నిలిచినది శబ్దవర్ధకముగనే. కాలవలసిన తీగ లేదు. 90 వోల్టుల బ్యాటరీ అక్కరలేదు.

అదే ప్రయోగశాలలో ఏడేండ్ల తరువాత మరియొక అద్భుతము జరిగెను. 1954 ఏప్రిల్ 25వ తేదీన చేపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు సిలికాను సౌరఘటమును ప్రదర్శించిరి. తనపై పడిన ఎండలో నూటికి ఆరు పాళ్లను అది విద్యుత్తుగా మార్చెను. ఆ ప్రదర్శనలో అది నడిపినవి రెండు: ఆటబొమ్మ రంగులరాట్నము ఒకటి, చిన్న రేడియో ట్రాన్స్‌మిటరు ఒకటి. ఆ యేటనే నవంబరులో అమెరికాలో రీజెన్సీ అను పేరుతో జేబులో పట్టు ట్రాన్సిస్టరు రేడియో అంగడికి వచ్చెను. సౌరఘటమును ట్రాన్సిస్టరు రేడియోను ఒకే యేట లోకమునకు పరిచయమగుట కాకతాళీయమే గావచ్చును. కాని వారిద్దరి స్నేహము సహజము. తక్కువ ఇచ్చువానికి తక్కువ అడుగువాడే తగిన జోడు. 1958లో అమెరికా ప్రయోగించిన వాన్‌గార్డ్ ఉపగ్రహము సౌరఘటముల బలముతో 1964 వరకు సంకేతములు పంపినది. అందలి బ్యాటరీ ట్రాన్స్‌మిటరు కొన్ని వారములకే మూగబోయినది.

ఇక మా ప్రశ్నకు వత్తము. ఆంప్లిఫయర్లలో తరగతులు గలవు. వాటిని హోటలు వంటగదితో పోల్చి చెప్పవచ్చును. మొదటిది ఏ తరగతి. గిరాకీ ఉన్నను లేకున్నను పొయ్యి నిండుగా మండుచుండును. రుచికి లోటు లేదు, కట్టెలకు అంతులేదు. ఎంత చక్కగా కట్టినను తీసికొన్న విద్యుత్తులో సగమునకు మించి శబ్దమునకు చేరదు. సాధారణముగా నాలుగవ వంతైనను చేరదు. రెండవది బీ తరగతి. బేరము వచ్చినప్పుడే పొయ్యి వెలిగింతురు. ఇద్దరు వంటవారు వంతులు వేసికొందురు. గరిష్ఠముగా నూటికి 78 పాళ్లు ఫలించును. కాని వంతు మారునప్పుడు తడబాటు కలిగి, మెల్లని పాటలో గరగర పుట్టును. అందుచే పొయ్యిని పూర్తిగ ఆర్పక సన్నసెగ నుంచుట ఆచారమైనది. దీనినే ఏబీ తరగతి యందురు. మా పెద్ద ఆంప్లిఫయరు ఈ జాతిదే. అయితే ఆ సన్నసెగ, లోపలి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, అలంకారపు దీపములు అన్నియు కలిసి, ఊరక కూర్చున్నను పదుల వాట్లు తినును. పైన ఇన్వర్టరు తిండి ఒకటి. మా బ్యాటరీ ఆ రాత్రి వెచ్చించినది శబ్దమునకు గాదు, నిశ్శబ్దమునకు.

మూడవది డీ తరగతి. ఇది వంటగది గాదు, చెరువు తూము. తలుపు పూర్తిగ తెరచుటయో, పూర్తిగ మూయుటయో తప్ప నడిమి స్థితి లేదు. సగము తెరచిన తలుపు వద్దనే కదా ఒరపిడియు నష్టమును! సెకనుకు లక్షలసార్లు తెరచుచు మూయుచు, ఎంతసేపు తెరచినదను దానిని బట్టి శబ్దపు ఎత్తుపల్లములను ఇది గీయును. నూటికి 85, 90 పాళ్లు లౌడుస్పీకరునకు చేరును. ఇంగ్లండులో సింక్లెయిర్ అను సంస్థ 1964లోనే ఎక్స్-10 అను పేర దీనిని ఇంటిలో కట్టుకొను సామగ్రిగా అమ్మినది. కాని నాటి ట్రాన్సిస్టర్లకు అంత వేగము లేకపోవుటచే అది రాణింపలేదు. వేగము గల సిలికాను చిప్పులు చౌకయైన పిమ్మట, గత శతాబ్ది చివర ట్రైపాత్ అను అమెరికను సంస్థ చేసిన చిప్పులతో ఈ తరగతి సంగీతప్రియుల మెప్పును పొందినది. నేడు అగ్గిపెట్టెయంత పలకపై ఇది దొరకుచున్నది.

ఇప్పుడు మధురవాడ మిద్దెల పైకి పోదము. మన ప్రాంతమున ఎండకు కొదువలేదు. ముడసర్లోవ జలాశయముపై 2018లో 2 మెగావాట్ల తేలియాడు సౌరకేంద్రము, సింహాద్రి జలాశయముపై 2021లో 25 మెగావాట్ల కేంద్రము నెలకొనినవి. ఇండ్లపైన ఫలకములు పెరుగుచున్నవి. అయితే గృహస్థులు గమనింపవలసిన విశేషము ఒకటి గలదు. కేవలము కరెంటు తీగెతో ముడిపెట్టిన ఫలకములు, తీగెలో విద్యుత్తు పోయినప్పుడు తామును ఆగిపోవును. తెగిన తీగెను సరిచేయు కార్మికునికి ప్రాణాపాయము గలుగకుండుటకై ఈ ఏర్పాటు. కావున మిద్దెనిండ ఫలకములున్నను, తుఫాను రాత్రి దీపము వెలుగవలెనన్న బ్యాటరీతో కూడిన వేరు ఏర్పాటు ఉండవలెను. చిన్న ఇంటికి 100 వాట్ల ఫలకము, 12 వోల్టుల 40 ఆంపియరు-గంటల బ్యాటరీ అనుకొందము.

ఆ బ్యాటరీలో నిండుగా 480 వాట్టు-గంటలుండును. సీసపు బ్యాటరీ చిరకాలము మన్నవలెనన్న అందులో సగమే వాడవలెను, అనగా 240. ఏడేసి వాట్ల దీపములు రెండు, ఐదు గంటలకు 70. టెలిఫోనులకు 30. పదునైదు వాట్ల చిన్న ఫ్యాను ఆరు గంటలకు 90. ఇవి పోగా మిగిలినవి 50. ఇన్వర్టరుతో కలిపి 40 వాట్లు తిను పెద్ద ఆంప్లిఫయరు వాటిని గంటంబావులో హరించును; ఆపైన ఒక్కొక్క గంటకు పసిబిడ్డ ఫ్యాను నుండియు, వంటింటి దీపము నుండియు దొంగిలింపవలసినదే. బ్యాటరీకి నేరుగా తగిలించిన డీ తరగతి పలక రెండు వాట్లు తీసికొన్నదనుకొన్నను, ఐదు గంటలకు పది. ఇంకను 40 మిగులును. మరునాడు ఆకాశము మబ్బుపట్టినచో ఆ 40 యే మన ధైర్యము.

మరి ఎన్ని వాట్ల ఆంప్లిఫయరు కావలెను? 90 డెసిబెల్లుల స్పీకరు ఎదుట ఒక మీటరు దూరమున 75 డెసిబెల్లుల పాట అనగా ఇంటికి బాగుగనే వినబడు పాట. అందులకు సగటున కావలసినది వాట్టులో ముప్పదవ వంతు. మృదంగపు దెబ్బ, నాగస్వరపు ఎత్తు సగటుకు వందరెట్లు శక్తి కోరునను కొన్నను మూడు వాట్లు. కూర్చుండు దూరమునకు మరి మూడింతలు కలుపుకొన్నను పది వాట్లు దాటవు. కనుక పెట్టెపై వ్రాసిన వాట్ల అంకెను చూచి మురియక, మంచి స్పీకరుపై ఖర్చు పెట్టుట మేలు. ఆంప్లిఫయరును అడుగవలసిన మొదటి ప్రశ్న “ఎంత గట్టిగా అరచెదవు?” అని కాదు, “ఊరకున్నప్పుడు ఎంత తినెదవు?” అని.

రెండవ ప్రశ్న వోల్టులది. 12 వోల్టుల బ్యాటరీ అని పేరే గాని, ఎండలో నిండుచున్నప్పుడు అది 14.4 వోల్టుల వరకు పోవును. కొన్ని చిప్పులకు 13.2 వోల్టులే హద్దు. మధ్యాహ్నపు ఎండలో వాటికి గండము. 4.5 నుండి 26 వోల్టుల వరకు ఓర్చు టి.పి.ఏ. 3116 వంటి చిప్పులున్న పలకలు ఈ పనికి తగినవి. ఫలకమునకు నేరుగా మాత్రము దేనిని తగిలింపరాదు; భారము లేనప్పుడు దాని వోల్టులు ఇరువదికి మించును. బ్యాటరీ ధన ధ్రువము దగ్గరనే ఒక ఫ్యూజు ఉండి తీరవలెను. బ్యాటరీ చిన్నదైనను, తీగె కలిసినచో నిప్పు పుట్టించుటకు చాలును.

మూడవ ప్రశ్న రేడియో గల ఇండ్లకే ప్రత్యేకమైనది. దీనిని అంగడివారు చెప్పరు. సెకనుకు లక్షలసార్లు తెరచి మూయు డీ తరగతి పలక తానే ఒక చిన్న ప్రసార కేంద్రమగును. టి.పి.ఏ. 3116 సాధారణముగా 400 కిలోహెర్ట్జుల వద్ద పనిచేయును; దాని రెట్టింపు, మూడింతలు సరిగా మీడియం వేవు పట్టీలో పడును. సౌరఫలకపు చార్జి కంట్రోలరును ఇట్టి దోషము గలదే కావచ్చును. పాట వినునప్పుడు తెలియని ఈ గొడవ, దూరపు కేంద్రమును పట్టి హెచ్చరిక వినబోవునప్పుడు బుసగా వినవచ్చి మాటను మ్రింగివేయును. ఈ చిక్కును ఎరిగియే చిప్పు చేయువారు ఆ వేగమును మార్చుకొను వీలును కల్పించిరి. రేడియోను పలకకు రెండు మూడు మీటర్ల దూరమున నుంచుట, తీగెలకు ఫెర్రైటు ఉంగరములు తొడుగుట, పలకను రేకుపెట్టెలో నుంచుట మరికొన్ని ఉపాయములు.

మేము చేసికొన్న ఏర్పాటు వేరు. సంగీతమునకు డీ తరగతి పలక ఒకటి. వార్తలకు మాత్రము ఎల్.ఎం. 386 అను పాత చిప్పుతో కట్టిన చిన్న ఆంప్లిఫయరు. ఇది ఏబీ తరగతిది; తెరచి మూయు రొద లేదు. 6 వోల్టుల వద్ద ఊరకున్నప్పుడు ఇది తినునది 24 మిల్లీవాట్లు మాత్రమే. పలికినప్పుడు వాట్టులో మూడవ వంతు వరకు ఇచ్చును. దానిని ఎనిమిది అంగుళముల పాత కాగితపు స్పీకరునకు తగిలించితిమి. తొలిసారి పలికినప్పుడు ఆ అంకె మాకు జ్ఞాపకము వచ్చినది. రచ్చబండల యొద్ద ఊళ్లు విన్నది కూడ రమారమి ఇంతటి శక్తితోనే గదా! నూరేండ్లు చుట్టి వచ్చి చరిత్ర మా నడిమింటనే కూర్చున్నట్లు తోచెను.

పెద్ద ఆంప్లిఫయరును మేము పారవేయలేదు. తీగెలో కరెంటు ఉన్న నాడు, పండుగకు పబ్బమునకు అది పలుకును. దాని రుచి దానిదే. కాని అక్టోబరు నెల వచ్చి సముద్రము రంగు మారినప్పుడు, ఫలకముపై దుమ్ము తుడిచి, బ్యాటరీ వోల్టులు చూచి, చిన్నదానిని బల్లపైకి తెత్తుము. ఎదురింటి మామ్మగారి ట్రాన్సిస్టరు సెల్లులును అప్పుడే మార్చుదుము. ఆమె మాత్రము మా కొత్త ఏర్పాటును చూచి, “ఇప్పటికి మీ ఇంట్లోనూ చీమ పుట్టింది” అని అన్నది.